మునిరాజు ఆఖరి మాటకు నేను చెప్పిన అర్థం

నిన్న మధ్యాహ్నం మునిరాజు భార్య గౌరమ్మ ఫోన్ చేసి "అయ్యవారూ, ఆయన పోయినారు" అన్నప్పుడు, "ఎక్కడికమ్మా?" అని అడిగాను.

నిజంగానే అడిగాను.

ఆ ఉదయమే అతని వాయిస్ మెసేజ్ విన్నాను. గొంతు చెవిలో ఇంకా వెచ్చగా ఉంది. ఆమె మాటకు వేరే అర్థం తోచలేదు.

హోసూరు అడ్వొకేట్ మునిరాజును మీలో చాలామంది ఎరుగుదురు. బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. ఆసుపత్రుల నిర్లక్ష్యం మీద పేదల కేసులు నడిపేవాడు.

రెండేళ్ళుగా ఆ కేసుల కాగితాలన్నీ స్కాన్ చేసి ఏఐ చేత చదివించేవాడు. ఏ గంటకు ఏమి జరిగిందో అది పట్టిక వేసి, పక్కన పేజీ నంబరు ఇచ్చేది. ఆ పేజీ తెరిచి, వేలుపెట్టి తానూ చదివితే తప్ప ఒక్క వరుసనూ ఒప్పుకునేవాడు కాదు.

ఒకనాడు నన్ను కూర్చోబెట్టి ఒక నర్సింగ్ చార్ట్ చూపించాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా, గంట గంటకూ, నాడి ఒకే అంకె.

"నేను రెండు తూర్లు చదివినా కనబడలే అయ్యవారూ. మెషీను పట్టినాది. బతికిండే మనిషి నాడి ఇట్ల నిలబడతాదా?"

రోగిని చూడకుండానే రాసేసిన అంకెలవి.

ఆ చార్ట్ అత్తిముగం ఊరి రైతు స్త్రీది. చిన్న ఆపరేషన్‌కని వెళ్ళి తిరిగి రాలేదు. సూళగిరి ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె కూతురు లక్ష్మి కేసు వేసింది. ఆసుపత్రి నుంచి లక్ష్మి తన అన్నకు పంపిన వాయిస్ మెసేజే ముఖ్య సాక్ష్యం.

"నర్సమ్మకు మూడు తూర్లు చెప్పినాన్నా. అమ్మకు ఉసురు ఆడలేదంటే ఎవురూ రాలే."

మెషీను దీనిని ఇలా రాసింది: "కూతురు నర్సును శపించింది. శాపం ఫలించలేదు."

మునిరాజు పకపకా నవ్వాడు. "మా మెషీను మంత్రగాడైపోయినాది అయ్యవారూ! దానికి కొంచెం బడి చెప్పండి."

చెప్పాను. ఉసురంటే ప్రాణం. బాధపడ్డవారి శాపం కూడా. కానీ కన్నడాన్ని ఆనుకున్న మన సీమలో ఉసురు ఆడలేదంటే శ్వాస అందడం లేదనే.

అది దిద్దుకుంది.

ఈ అర్థాన్ని వాంగ్మూలంగా రాసి ఇమ్మని మునిరాజు కోరాడు. కృష్ణగిరి కన్స్యూమర్ కమిషన్‌లో వచ్చే వారం వాయిదా. పది రోజులుగా మా ఇద్దరికీ ఆ ఒక్క మాటే లోకం. మా మెసేజ్‌లన్నీ, ఆఫీసు పని కూడా చూసే గౌరమ్మ రోజూ పదకొండింటికి తన ఫోన్ నుంచే, మెషీను చదివే కేసు ఫైల్లోకి ఎక్కించేది.

నిన్న ఉదయం పది దాటాక అతని మెసేజ్ వచ్చింది.

"అయ్యవారూ... ఉసురు ఆడలేదు... కొంచెం చూడండి."

వాంగ్మూలం చూడమంటున్నాడనుకున్నాను. మాటల మధ్య ఆగడం లక్ష్మిని అనుకరించడమనుకున్నాను.

నాలుగు నిమిషాలు, వాక్య ప్రయోగాలతో సహా, ఆ మాట అర్థం వివరించి వాయిస్ మెసేజ్ పంపాను. చివర "ఇప్పటికైనా తలకెక్కిందా నాయనా?" అని నవ్వాను కూడా.

అతడు ఆఫీసులో ఒంటరిగా ఉన్నాడు. గౌరమ్మ కాగితాలు దాఖలు చేయడానికి కృష్ణగిరికి వెళ్ళింది. పదకొండింటికి, అలవాటు చొప్పున, వినకుండానే మా మెసేజ్‌లు ఎక్కించింది. పన్నెండింటికి పక్క జెరాక్స్ షాపు వాళ్ళు తలుపు తీసి చూసేసరికి ఊపిరి లేదు.

నిన్న సాయంత్రం దహనం ముగిశాక, గౌరమ్మ తన ఫోన్ నా చేతికిచ్చింది.

లక్ష్మి తల్లి కేసు పట్టికలో మెషీను వేసిన రెండు కొత్త వరుసలున్నాయి.

"10:12. రోగికి శ్వాస అందడం లేదు. సహాయం కోరాడు. పేరు తెలియదు."

"10:20. విన్న వ్యక్తి ఆ పదానికి అర్థం వివరించాడు. సహాయం పంపలేదు."

నేను నేర్పిన అర్థమే. మెషీను మరవలేదు.

గౌరమ్మ ఆ వరుసల మీద వేలుపెట్టింది. "తీసేయమంటారా?" అని మాత్రం అడిగింది.

"ఆ ఫైల్లోంచి తియ్యమ్మా. వేరే ఫైల్లో దాచు. మొదటి వరుసలో ఆయన పేరు రాయి. రెండో వరుసలో నాది."

వచ్చే వారం కృష్ణగిరి వెళ్తాను. వాంగ్మూలం ఇస్తాను. అర్థం తెలిసినవాడు కూడా వినకుండా ఉండగలడా అని ఎవరైనా అడిగితే, ఉండగలడని నన్నే చూపిస్తాను.

మునిరాజూ, నీవు చేరిన చోట నీ మాటను మొదటిసారే వినేవారు ఉందురుగాక. నీకు శాంతి కలుగుగాక.