ఓడ మీద ఖాళీ పళ్లెం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నేను యోసేపును, ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేసేవాణ్ణి. జర్దా పాన్ నమిలి నమిలి నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోని రోజుల నుంచి దేవుడు నన్ను ఎలా లేపాడో ఈ మైకు ముందే మూడుసార్లు చెప్పాను, వినీ వినీ మీకే కంఠస్థం అయిపోయి ఉంటుంది. ఈరోజు చెప్పేది అది కాదు. పాన్ మానేశాక నాకు ఇంకో రోగం పట్టుకుంది. అది కోపం. నేను దాన్ని రోగమనుకోలేదు, భక్తి అనుకున్నాను.

కిందటేడు పోర్టులో ఒక ఓడ ఇంజన్ చెడి ఆగిపోయింది. దానికి కావలసిన సామాను విదేశం నుంచి రావాలి. ఓడలో పదకొండు మంది, అందరూ పెరూ దేశస్థులు, మాట్లాడేది స్పానిష్, కాగితాల చిక్కు వల్ల ఒడ్డున కాలు పెట్టే వీల్లేదు. పాస్టర్ గారు నన్ను పిలిచి, "తమ్ముడూ, మిషనరీ అంటే విమానమే ఎక్కాలని లేదు, గాజువాకలో పోర్టు బస్సెక్కినా చాలు, నువ్వు వెళ్లు" అన్నారు. ఇరవై ఆరేళ్లకే మిషనరీనని పొంగిపోయి, షర్టు ఇస్త్రీ చేయించుకున్నాను.

ఇక నా రోజు ఎలా గడిచేదో వినండి. బస్సులో నిలబడి, ఒళ్లంతా చెమటతో గేటు దగ్గర దిగితే అక్కడ గార్డు అప్పలరాజు. నిన్న చూసిన సంచే, నిన్న చూసిన బైబిలే, రోజూ దులిపి దులిపి చూస్తాడు, ఫోను అక్కడే పెట్టించుకుంటాడు, "రోజుకి ఒక్కపాలే లోపలికి, తెలుసు కదా బావా, బయటికెల్తే మల్లీ రేపే" అని రోజూ అదే పాట. నేను అతనికి బావనెప్పుడయ్యానో నాకు తెలియదు. తర్వాత ఎండలో పట్టాలూ బొగ్గు దుమ్మూ దాటుకుని ఓడ చేరేసరికి ఇస్త్రీ షర్టు నల్లబడిపోయేది.

మొదటి రోజు ఓడ వంటవాడు మాతేయో ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. ఆయనకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు, మా ఇద్దరి ఇంగ్లీషు కలిపినా ఒక వాక్యం కాదు. బైబిలు చూపించి "జీసస్?" అన్నాను. "సీ, సీ" అన్నాడు. ఛీ అనాల్సిన చోట మన వైపు సీ అనే అంటారు కదా! "ప్రేయర్?" అన్నాను. మళ్లీ "సీ" అన్నాడు. ప్రభువు పేరెత్తితే ఛీకొడతాడా అని నా ఒళ్లు మండిపోయింది. వెంటనే ఓడ దిగి వచ్చేసి, వాళ్ల మీద దేవుని ఉగ్రత తప్పదని పాస్టర్ గారితో చెప్పేశాను. ఆయన నవ్వు ఆపుకుంటూ, "వాళ్ల భాషలో సీ అంటే అవును, తమ్ముడూ" అన్నారు.

దాంతో నాకు బుద్ధి రావాలి కదా, రాలేదు. ఒక్క మాట తెలిసేసరికి భాషంతా వచ్చేసినట్టు తయారయ్యాను. రెండో వారం నుంచి మాతేయో కొత్తది మొదలుపెట్టాడు. నేను వెళ్లగానే వేళ్లు దగ్గరగా చేర్చి నోటి దగ్గర పెట్టుకుని "పాన్, పాన్" అని అడుగుతాడు, మిగతావాళ్లు వెనక నిలబడి ఆశగా చూస్తారు. సహోదరులారా, ఏ పాపం నుంచి కన్నీళ్లతో బయటపడ్డానో దాన్నే తెచ్చిపెట్టమని నన్నే అడుగుతున్నారు! ఈసారి ఎవరినీ అర్థం అడగలేదు. పాన్ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? నోరు తెరిచి నా పుచ్చిపోయిన పళ్లు చూపించి, "నో పాన్, సిన్, సిన్" అని అరిచాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయేవాడు, మర్నాడు మళ్లీ అడిగేవాడు, నేను మళ్లీ అరిచేవాణ్ణి. నెల రోజులు నేను చేసిన సువార్త సేవ ఇదే.

ఇంట్లో విసుక్కుంటే మా ఆవిడ రూతు బియ్యం ఏరుతూ, "ఆళ్లు పాన్ అడిగితే అడిగారు, అసలు ఆ ఓడలో ఏటి తింతన్నారో ఎప్పుడైనా అడిగావేటి?" అంది. నీకు తిండి గోల తప్ప ఆత్మల భారం తెలియదన్నాను. ఆ మాట అన్నందుకు ఈ సంఘం ముందే ఆమెను క్షమాపణ అడుగుతున్నాను.

చివరికి సామాను వచ్చింది, ఇంజన్ నడిచింది, సోమవారం తెల్లారేసరికి ఓడ బయల్దేరుతుందన్నారు. ఆదివారం ఇక్కడ ఆరాధన అయ్యాక వెళ్లాను. పదకొండు మందీ భోజనాల బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. బల్ల మీద తెల్లగుడ్డ, గ్లాసులో ద్రాక్షరసం, పక్కన ఖాళీ పళ్లెం. మాతేయో కళ్లు మూసుకుని "పాద్రే" అని ఎత్తుకున్నాడు, అందరూ గొంతు కలిపారు. పాద్రే అంటే తండ్రి అయ్యుంటుందనిపించింది, ఆ నడక వింటే అది ప్రభువు నేర్పిన ప్రార్థనేనని తెలిసిపోయింది, నేనూ తెలుగులో మొదలుపెట్టాను. పరలోకమందున్న మా తండ్రీ అని, నీ రాజ్యము వచ్చును గాక అని, అలా అలా "మా అనుదినాహారము" దగ్గరికి వచ్చాను. సరిగ్గా అక్కడ పదకొండు గొంతులూ "పాన్" అన్నాయి.

అప్పుడు తెలిసింది. పాన్ అంటే రొట్టె. ఓడలో పిండి అయిపోయి నెల దాటిందన్నమాట. అన్నం, బంగాళాదుంపలు కడుపుకి సరిపోతున్నాయి కానీ ప్రభువు బల్లలో ఆయన శరీరంగా విరిచి పంచుకోవడానికి రొట్టె లేదు. వాళ్లు నాకంటే ముందే రక్షణ పొందినవాళ్లు, ప్రతి ఆదివారం ఖాళీ పళ్లెం పెట్టుకుని ప్రార్థన చేసి లేచిపోతున్నారు. వాళ్లు రొట్టె అడిగితే మీ మిషనరీ పళ్లు చూపించాడు.

ఓడ దిగి గేటు వైపు పరిగెత్తాను. "ప్రభువా, నా కోపం చూడకు, వాళ్ల పళ్లెం చూడు, ఈ ఒక్కరోజు నాకు దారి చూపించు" అని ఏడుస్తూనే పరిగెత్తాను. గేటు దాటితే మళ్లీ రేపే, రేపటికి ఓడ ఉండదు. అప్పలరాజు తన గది నుంచి బయటికొచ్చి, "ఏటైంది బావా, అలా పరిగెడతన్నావ్?" అన్నాడు. "రొట్టె కావాలి" అన్నాను. "దానికి ఏడుపేటి? నా కేరేజీలో సపాతీలున్నాయి, పనికొత్తాయేటి?" అన్నాడు. పిండీ నీళ్లూ తప్ప ఏమీ కలవనివి, పులియనివి, ప్రభువు బల్లకి వాడేలాంటివే. మూడుంటే మూడూ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. నెల రోజుల్లో నేను ఒక్కసారైనా నవ్వుతూ పలకరించని మనిషి.

మళ్లీ ఓడెక్కి, ఆ పొట్లం పళ్లెంలో పెట్టి, మాతేయో కాళ్ల దగ్గర కూలబడ్డాను. వాళ్ల భాషలో క్షమాపణ ఎలా అడగాలో తెలియక తెలుగులోనే "నన్ను క్షమిస్తావా అయ్యా?" అన్నాను. ఆయన రొట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు, నా తల మీద చెయ్యి పెట్టి "సీ" అన్నాడు.

కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, మొన్న కూడా బస్సులో కండక్టర్ మీద లేచింది. కానీ ఇప్పుడు అరిచే ముందు "ఏమంటున్నారు?" అని ఒక్కసారి అడుగుతున్నాను, అంతమాత్రం విడుదల ఇచ్చిన దేవునికే మహిమ. ఈరోజు మన సంఘంలో ప్రభువు బల్ల ఉంది, మన పళ్లెం నిండుగా ఉంది. ఇంట్లోవాళ్ల మీదో పక్కింటివాళ్ల మీదో విసుగుతో వచ్చి వెనక కూర్చున్నవాళ్లెవరైనా ఉంటే, వాళ్లు మిమ్మల్ని ఏమడిగారో ఇంకొక్కసారి గుర్తు చేసుకుని, ప్రభువును నమ్ముకుని ముందుకు రండి. వస్తావా అని ఆయన అడుగుతున్నాడు. మన వైపు అది ఎలా వినబడినా పర్వాలేదు, ఆయనతో సీ అనండి.