బాలింత వాటా

నాకు భయాలు ఎక్కువ. బస్సెక్కితే బ్రేకులు పోతాయని, స్టవ్ వెలిగిస్తే సిలిండరు పేలుతుందని హడలిపోయే మనిషిని. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మల్కాపురంలో మా అద్దింట్లో రెండో బిడ్డను ఒళ్ళో పెట్టుకునేసరికి ఆ భయాలన్నీ ఒక్కటై నా కంచంలోకి వచ్చి కూర్చున్నాయి.

పాప పుట్టిన మూడో వారానికే నాకు పాలు చాలలేదు. తూకం వేసిన నర్సు, "బరువు పెరగట్లేదమ్మా, నువ్వు బాగా తినాలి" అంది. ఏం తినాలో పురుడు పోయడానికి వచ్చిన మా అమ్మకు తెలుసు, వీధి మొత్తానికీ తెలుసు. పాలసొర. ఆ సముద్రపు చేపను ఉడికించి, తోలు తీసి, చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి పిడుపు చేసి పెడితే బాలింతకు పాలు పడి తీరతాయని మా వైపు నమ్మకం.

నేనేమో అంతకు ముందే పేపర్లో ఒక ముక్క చదివి ఉన్నాను. చిన్న చేపల్ని తిని పెరిగే పెద్ద చేపల ఒంట్లో పాదరసం చేరుతుందట. సొర వాటిలో ముందుంటుందట. తల్లి పాలలోంచి బిడ్డకు పోతుందట. ఆ ముక్క కత్తిరించి బియ్యం డబ్బా మూతకి అంటించుకున్నాను.

ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసే మా ఆయన సెలవు రోజున పూర్ణా మార్కెట్‌కి పోయి చెరువు బొచ్చె తెచ్చాడు. "ఇది మనుసులు పెంచిన సేప. ఏటి తిన్నాదో తెలుసు కదా, ఇంకేటి బయం?" అన్నాడు. తెలుసు కాబట్టే భయం. చెరువుల్లో కోళ్ళ పెంట వేస్తారని, చేపలకు జబ్బు చేస్తే మందులు కలుపుతారని పక్కింటావిడ ఆ పొద్దునే చెప్పి వెళ్ళింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చారన్నం తిని, చేపలు తిన్నానని అబద్ధమాడేదాన్ని. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది గానీ, పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, రొమ్ము వదిలేసి నా మొహంలోకి చూసినప్పుడు వెళ్ళి బియ్యం డబ్బా మూత మళ్ళీ చదువుకునేదాన్ని. తింటే బిడ్డకు విషం పోస్తానేమో, తినకపోతే మాడ్చి చంపుతానేమో. ఇదీ నా గోల.

సముద్రపు ఒడ్డునున్న యారాడ నుంచి కొండ దాటి మా వీధికి చేపల గంప తెచ్చే ఆమె ఒకర్తి ఉండేది. అక్కను పిలిచినట్టు వీధంతా ఆమెను అప్పా అనేది. మొగుడూ కొడుకూ వేటకెళితే ఈమె అమ్ముకొచ్చేది. మూడు రోజులు వరసగా ఆమె పాలసొర ఆకులో చుట్టి తెచ్చి, "బాలింతకి బేరవేటి" అని ఊరికే ఇచ్చింది. అమ్మ శ్రద్ధగా పిడుపు చేసేది. అమ్మ స్నానానికి వెళ్ళగానే నేను దాన్ని పెరటి గోడ పక్కన పారబోసేదాన్ని.

మూడో రోజు అలా పారబోసి తిరిగేసరికి, వీధులన్నీ తిరిగొచ్చిన అప్ప పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. పిడుపు నాకుతున్న పిల్లిని చూసింది, నా చేతిలో ఖాళీ గిన్నెను చూసింది. గంప కిందకి దించింది.

"ఏటి తల్లీ, పారబోసీసినావా?"

ఏడుస్తూ పాదరసం సంగతంతా చెప్పేశాను. బియ్యం డబ్బా మూత కూడా తెచ్చి చూపించాను, ఆమెకు చదువు రాదని తెలిసీ.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బయవైతే సెప్పాల గానీ దాసుకోడవేటి? పెద్ద సేప వద్దంతే సిన్న సేపల్లేవా? నెత్తళ్ళు తిను. ఏలెడేసి ఉంతాయి, అవి ఎవుల్ని మింగగలవు? రేపు అట్టుకొత్తాను" అంది.

నిజానికి పేపర్లో రాసిందీ పెద్ద చేపల గురించే. నా కంగారులో సముద్రమంతా విషమనుకున్నాను.

మర్నాటి నుంచి నెత్తళ్ళ పులుసు తిన్నాను. మొదటి ముద్ద నీళ్ళతో మింగాను. వారం తిరిగేసరికి పాలు పడ్డాయి. నెత్తళ్ళ వల్లో, కడుపు నిండా అన్నం తినడం వల్లో నాకు తెలీదు. పాప తూకం చూసి నర్సు నవ్వింది.

ఆ సంతోషంలో, పాపకు పాలిస్తూ, ఆ మూడు రోజులూ సొర ఎక్కడ సంపాదించావని అప్పను అడిగాను. యారాడలో వల విప్పగానే, అమ్మకానికి తీయకముందే, ఇంటి కూరకని కొన్ని చేపలు పక్కన పెడతారట. ఇంట్లో బాలింత ఉంటే అందులో పాలసొర ఆమెదే, ఇంకెవరూ ముట్టరట.

"నా కోడలి వాటా" అంది అప్ప. "అదీ బాలింతే. నీకు ముందొక బిడ్డ పోనాది కదాని నీకు తెచ్చీసినాను. దానికి తరవాత పెడదావనుకున్నాను. మరి వలకి సొర పడనేదు."

"మీ కోడలికి పాలు పడ్డాయా అప్పా?"

"నేదు. డబ్బా పాలు పోత్తన్నాం" అని, మంచి నెత్తళ్ళు ఏరి నా గిన్నెలో వేసింది.

ఒళ్ళో పాప గుటకలు వేస్తూ తాగుతోంది. ఆ చప్పుడు ఆమెకు వినపడుతుందేమోనని భయమేసి, పాప మీద కొంగు కప్పేశాను.