మా ఇంట్లో లోపలి మనిషి

మా ఆయనకు లోపల ఎవరో తెలుసని మా స్కూలు స్టాఫ్‌రూములో అందరి నమ్మకం. లోపల అంటే ఎక్కడో ఎవరూ అడగరు. ప్రభుత్వం లోపల, పార్టీ లోపల, ఫైళ్ళు కదిలే గదుల లోపల. నేను బ్యాగు బల్ల మీద పెట్టీ పెట్టకముందే లెక్కల మేడం కుర్చీ దగ్గరకు జరిపి, "నిన్న ఫోన్లో పడిన పోస్టుకు సారేం అర్థం చెప్పారండీ?" అని అడిగేది. నేను పిల్లలకు సోషల్ చెబుతాను. ఓటు గురించీ రాజ్యాంగం గురించీ గొంతు చించుకుని చెప్పొచ్చి, ఈ ప్రశ్నకు మాత్రం "ఇంకా చూస్తున్నారండీ" అని తల వంచుకుని పుస్తకాలు సర్దుకునేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా ఆయనకు ఎవరూ తెలియదనే మాట నోరు దాటేది కాదు. కట్టుకున్నవాణ్ణి నలుగురిలో పలచన చేయడం నాకు చేతకాలేదు.

ఆ పోస్టులు పెట్టే మనిషెవరో ఎవరికీ తెలియదు. పేరుండదు, ముఖముండదు, మూసిన తలుపు బొమ్మ ఒకటుంటుంది. నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాడు. "పెద్దాయన చాప చుట్టారు. చిన్నాయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు." అంతే. ఇక రోజంతా ఫోన్లలో ఒకటే రచ్చ. పెద్దాయన ఎవరు, చాపంటే ఏ శాఖ, కళ్ళద్దాలు ఎవరెవరికి ఉన్నాయి. మంత్రి పదవి పోతుందని ఒకడంటే, ఢిల్లీ నుంచి కబురొచ్చిందని ఇంకొకడు. తీరా ఏదీ జరగకపోతే, ముందే బయటపడింది కాబట్టి ఆపేశారని మూడోవాడు. ఆ మూడోవాడే నాకు అందరికంటే ముచ్చటగా ఉండేవాడు. వాణ్ణి ఓడించడం ఎవరి తరమూ కాదు.

మా ఆయన వీటికి అర్థాలు చెప్పే పెద్దమనిషి ఎలా అయ్యారో తెలియాలంటే యార్డు సంగతి చెప్పాలి. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు తరఫున ధర తేల్చే మనిషి. ఇప్పుడంటే ధరలు తెరల మీద కనిపిస్తున్నాయి గానీ, ఆయన కుర్రతనంలో బేరమంతా తువాలు కింద జరిగేది. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైకి మాత్రం వానల గురించో పెళ్ళిళ్ళ గురించో కబుర్లు. పక్కన నిలబడ్డ రైతుకు తన కాయల ధర తెలియదు. మా ఆయన తువాలు మీది ముడతలు చూసే లోపలి వేళ్ళు చెప్పేసేవారట. యార్డులో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

తెరలు వచ్చాక ఆ విద్యతో పని లేకుండా పోయింది. ఆయన కొట్టుకు వెళ్ళేవారు, కూర్చునేవారు, వచ్చేవారు. అలాంటి రోజుల్లోనే ఈ మూసిన తలుపు వాడు దొరికాడు. ఒక పోస్టు చూసి ఈయన గాల్లో రాయి వేశారు, ఫలానా ఆయనకు టికెట్టు రాదని. రాలేదు. అంతే, ఇక మా వరండాలో చెప్పుల గుట్టలు. పైకి చెప్పేది ఎప్పుడూ అసలు బేరం కాదనీ, అసలుది ఎక్కడో కప్పు కింద ఉంటుందనీ యార్డు మనుషులందరికీ పుట్టుకతో వచ్చిన నమ్మకం. అది చదవగలిగే మనిషి మా నల్లపాడులో ఉన్నాడనుకున్నారు. క్రమంగా, చదివేవాడు కాదు, లోపలివాళ్ళతో మాట్లాడేవాడే అనుకోవడం మొదలైంది. ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు. నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మండేది.

నిరుడు వానాకాలం ముందు ఒక పోస్టు పడింది. "గీత గీశారు. నీళ్ళు ఎడమ చేతికి. ఎర్ర పొలం అదృష్టం." రాజధాని చుట్టూ పెద్ద రోడ్డు వస్తుందని అప్పటికే ఊళ్ళన్నీ ఉడుకుతున్నాయి. మా ఆయన కళ్ళజోడు సవరించుకుని, గుంటూరు నుంచి పోతుంటే కాలవ ఎడమ చేతికి ఉండేది ఫలానా ఊరి దగ్గరనీ, ఎర్ర పొలమంటే మిర్చి పొలమనీ తేల్చారు. ఆ ఊరు మా పుట్టిల్లు. కాలవకు ఇవతల మిర్చి వేసే పొలం మా అన్నయ్యది. ఆయన ఆ మాట అన్నయ్యతో ఫోన్లో వేళాకోళంగానే అన్నారని నా నమ్మకం. మా అన్నయ్య మాత్రం ఫోను పెట్టేసి సరాసరి కౌలు చేసే వాళ్ళింటికి వెళ్ళి, ఈ ఏడు పొలం ఇవ్వనన్నాడు.

మా వైపు కౌలంటే నోటిమాట. ఉగాదికి మాట అనుకుంటారు, కాగితం ఉండదు. కాగితముంటే రేపు పొలం నాదంటాడేమోనని ఆసామి భయం. రోడ్డు వస్తే పరిహారం రాసేటప్పుడు సాగులో ఉన్నదెవరని అడుగుతారు కాబట్టి, అసలు సాగే లేకుండా పొలాన్ని బీడు పెట్టేయాలని మా అన్నయ్య తెలివి. ఇదంతా నాకు తెలియదు. ఒక ఆదివారం పొద్దున ఆ కౌలు చేసే అమ్మాయి మా గేటు తీసుకుని వచ్చేవరకూ తెలియదు.

చేతిలో తడి గోనెసంచి. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన పిల్ల. వాళ్ళాయన వస్తానంటే కోపిష్టి మనిషని వద్దని, తనే బస్సెక్కి వచ్చింది. హాల్లో మా ఆయన యార్డు మనుషులిద్దరికి ఏదో పోస్టు విప్పి చెబుతున్నారు. ఆ పిల్ల అటు తొంగి చూసి వంటింట్లోకి వచ్చి కూర్చుంది. సంచి విప్పింది. లోపల మిరప నారు. ఉండాల్సిన దానికంటే పొడుగ్గా, సన్నగా సాగిపోయి తలలు వాల్చేసింది.

"ముదిరిపోతోందక్కా. ఇంకో వారమైతే నాటినా నిలబడదు. ఇంటి వెనక ఇంత మడి పోశాం, నీళ్ళు మోసి పెంచాం. నాటడానికి జానెడు నేల లేదు. ఇప్పుడు అడిగితే ఎవరిస్తారు కౌలు? అందరూ ఉగాదికే మాట్లాడేసుకున్నారు."

ఈ ఏడు పంట లేకపోతే వాళ్ళకు ఏడాదే లేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, చెప్పక్కర్లేదు. బయటి మనిషితో ఎప్పుడూ అనని మాట అనేశాను. "ఆయనకు ఎవరూ తెలియదే పిల్లా. ఏ లోపలి మనిషీ తెలియదు. ఫోన్లో చూసి ఏదో అంటారు, అంతే."

"తెలుసక్కా," అంది ఆ పిల్ల. "తెలిస్తే బావగారు ఇంకా ఆ కొట్లోనే ఎందుకుంటారు? ఆ మాటే మీ అన్నయ్యగారికి బావగారి నోటితో చెప్పిస్తావని వచ్చాను."

అంత తేలిగ్గా అందరికీ తెలుసన్నమాట. నేను ఇన్నాళ్ళూ దాచిన పరువు ఇదా అని ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన్ని లోపలికి పిలిచాను. నారు చూపించాను. "అన్నయ్యకు ఫోన్ చేసి, నాకేమీ తెలియదు, ఊరికే అన్నానని చెప్పండి" అన్నాను. ఆయన రైతు బిడ్డే. వంగి ఒక మొక్కను వేళ్ళతో పట్టుకుని చూశారు. ముఖం చిన్నబోయింది. హాల్లోకి నడిచి ఫోను తీశారు. మేమిద్దరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. నా మొగుడి మీద నాకు ఆ క్షణాన ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఆయన యార్డు మనుషుల వైపు ఒకసారి చూశారు. స్పీకరు పెట్టారు.

"బావా, గీత మారింది. ఇప్పుడే తెలిసింది. రోడ్డు కాలవ అవతలికి జరిపారు. నీ పొలం జోలికి రాదు. ఆ పిల్లను నాట్లు వేసుకోమను."

"నిజమేనా బావా? ఎవరు చెప్పారు?"

"ఎవరో అడక్కూడదు."

యార్డు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన అప్పుడే ఫోను తీసి టైపు చేయడం మొదలుపెట్టాడు. మా అన్నయ్య అటు నుంచి సరే సరే అంటున్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. నేను వెళ్ళి టీ పెట్టాను. ఆమె గబగబా తాగేసి, సంచి కట్టుకుని, పదకొండింటి బస్సు అందుకోవాలని వెళ్ళిపోయింది.

వాళ్ళంతా పోయాక నేను విరుచుకుపడ్డాను. "నిజం చెప్పడానికి మీకేం రోగం?"

"నిజం చెబితే మీ అన్నయ్య నమ్మేవాడు కాదు. ఏదో దాస్తున్నాననుకునేవాడు. పొలం ఇంకా గట్టిగా పట్టుకునేవాడు," అన్నారాయన. "పని అయింది కదా."

మా అన్నయ్య నాకు తెలియనివాడా? అయినా ఆ వారమంతా ఆయనకు అన్నం వడ్డిస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉండేది. పని అయిందని నాకూ లోపల హాయిగానే ఉంది మరి.

వానలు పడ్డాక ఊరికి వెళ్ళాను. పొలం పచ్చగా ఉంది, నాట్లు అయిపోయాయి. చచ్చిన మొక్కల చోట కొత్త మొక్కలు పెడుతూ ఆ పిల్ల వరస వెంట వంగి వస్తోంది. నన్ను చూసి నవ్వి, నడుము పట్టుకుని లేచింది. బాగుందక్కా, నిలబడింది అంది. కాలవ అవతలి గట్టు వైపు చూస్తూ, "అటువైపు వాళ్ళు మాత్రం కౌళ్ళు తీసేశారక్కా. బావగారు ఫోన్ చేసిన మర్నాడే," అంది.

అటు చూశాను. కాలవ అవతల పొలాలు దున్ని ఉన్నాయి. ఒక్క మొక్క లేదు.

"ఎందుకు?" అని అడిగాను. తెలిసి కూడా అడిగాను, ఇంకేదైనా కారణం చెబుతుందేమోనని. ఆ ప్రశ్న వేసినందుకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేను.

ఆమె చంకలోని తడి గుడ్డ విప్పి ముదిరిన నారు కట్ట తీసింది. "వాళ్ళ నారే ఇది. పారేయడానికి మనసొప్పక నాకిచ్చారు. పెట్టుకో, నీ దగ్గరైనా బతుకుతుందన్నారు" అంటూ వంగి, నా కాళ్ళ దగ్గర ఖాళీగా ఉన్న చోట వేలితో గుంట చేసింది. నేను అక్కడ నిలబడి ఉండగా మొక్క పెట్టడానికి వీల్లేదు. పక్కకు జరిగాను.