నల్ల పాదాల ఫోటో

ఇలా రండి, నా పక్కకే వచ్చి కూర్చోండి. దూరంగా కూర్చుంటే ఫోనులో బొమ్మ కనబడదు, నా గొంతూ వినబడదు. టీ కావలసినవాళ్లు ఇప్పుడే చెప్పండి, మొదలుపెట్టాక నేను లేవను.

నేను చదివింది ఐదో తరగతి. ఫోటోలు తీయడం నాకెవరూ నేర్పలేదు. మా ఆయన ఓడరేవులో లారీ నడిపి నడిపి, నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాక, మా అమ్మాయి కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చింది. మాట్లాడుకోమని ఇచ్చింది. నేను దానితో చూడడం మొదలుపెట్టాను. వెలుగు ఎటునుంచి పడాలి, ఎంత దూరంలో నిలబడాలి అంటే నాకు చెప్పడం రాదు. కంటికి ఏదైనా తగిలితే మోకాళ్లు వాటంతటవే వంగుతాయి, అంతే.

ఇదిగో, ఇది చేపల రేవులో తీసింది. గంప ముందు పిల్లి చూడండి, బేరానికొచ్చిన మనిషిలా ఎలా కూర్చుందో. "ఏటే అలా సూత్తన్నావు, డబ్బుల్తెచ్చినావా?" అని చేపలమ్మే ఆవిడ దాన్ని అడుగుతోంది. అడుగుతూ తనే నవ్వేసింది. ఆ నవ్వు దగ్గర తీశాను.

ఇది మా ఆయన. గోపాలపట్నం బజారులో వాన పట్టుకుంటే కూరల సంచి నెత్తిన పెట్టుకుని పరుగు. సంచిలోంచి సొరకాయ కొమ్ములాగా బయటికొచ్చింది. దీన్ని చూసినప్పుడల్లా "నా పరువు తీసేత్తన్నావే నువ్వు" అంటాడు. "ఉంటే కదా తీడానికి" అంటాను నేను. ఈ ఫోటో నాకు చాలా ఇష్టం. నడుం నొప్పి అని కూర్చున్న మనిషి అలా పరుగెత్తడం మళ్లీ చూడలేదు.

ఇక ఈ మూడోది. దీన్ని చూపించాలంటే ముందు వదిన గురించి చెప్పాలి. ఆవిడని అడిగే చెబుతున్నాను. ఇప్పుడు అన్నీ అడిగే చేస్తున్నాను లెండి.

వదిన అంటే చుట్టం కాదు. మా మెట్ల మీద ఎదురు వాటా ఆవిడది. కోనసీమ మనిషి. భర్తకి ఓడరేవులో ఉద్యోగం రావడంతో ఈ ఊరొచ్చారు, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. నా పక్కన కూర్చుని బీరకాయ చెక్కు తీస్తూ మాట్లాడితే పొద్దు తెలిసేది కాదు. నా మాట ఆవిడకి నవ్వు, ఆవిడ మాట నాకు నవ్వు. నలుగురిలో కాబట్టి ఇలా 'నేను' అంటున్నాను గానీ, ఇంట్లో నాది 'నాను'. "నాను నాను ఏంటి వదినా, నేను అనలేవా?" అనేది. "నీ 'ఆయ్' మానేసిన రోజున నాను కూడా మానేత్తాను" అనేదాన్ని.

మా వీధి సంగతి మీకు తెలుసు. ఓడల్లోంచి దింపిన బొగ్గు గుట్టలు అంత దూరాన ఉంటాయి. గాలి అటునుంచి తిరిగిన రోజున కిటికీ చువ్వల మీద కాటుక రాసినట్టు నల్లటి పొడి పడుతుంది. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. మేమందరం దానికి అలవాటు పడ్డాం, వదిన పడలేదు. ఆ పొడికీ ఆవిడకీ పాత పగ. తెల్లారి లేచి తుడిచేది, వంటయ్యాక తుడిచేది, దీపాలవేళకి మళ్లీ తుడిచేది. ఆవిడ ఇంట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు.

ఆ తుడవడం అంతా మనవరాలి కోసం. కూతురూ అల్లుడూ మధురవాడలో ఆఫీసులకి వెళ్తారు, అక్కడే కాపురం. సోమవారం పొద్దున్న పాపని తెచ్చి దింపితే, శుక్రవారం సాయంత్రం తీసుకుపోయేవారు. అల్లుడి తల్లిది దువ్వాడ. పాపని తన దగ్గరే ఉంచమని ఆవిడ మొదటినుంచీ అడుగుతోంది. "ఆ బొగ్గులో పసిపిల్లని ఉంచుతారా?" అన్నదట ఒకసారి. ఆ మాట వదిన గుండెలో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఆ తుడవడం. ఇల్లు అద్దంలా ఉన్నన్నాళ్లూ పాప తన దగ్గరుంటుందని ఆవిడ లెక్క. ఇదంతా నాకు తెలుసు. బీరకాయ చెక్కు తీస్తూ నాతోనే చెప్పింది. తెలిసి కూడా చేశాను, అదీ నా బాధ.

కృష్ణాష్టమి నాడు పొద్దున్నే నేను కాస్త వెన్న గిన్నెలో పెట్టుకుని ఎదురింటికి వెళ్లాను. వదిన అప్పటికే నేలంతా తుడిచి, గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేసేసింది. వంటింట్లో అటుకులకి బెల్లం తరుగుతోంది. పాప అప్పుడే లేచినట్టుంది. బాల్కనీ తలుపు ఎవరు తీశారో, అటు వెళ్లి తిరిగొచ్చింది. ముందురోజు గాలికి బాల్కనీ నిండా పొడి. ఆ కాళ్లతో తడి ఆరీ ఆరని నేల మీద, పిండి పాదాల పక్కనుంచే, ఒక్కటి కూడా తొక్కకుండా దేవుడి గదిలోకి నడిచిపోయింది. తెల్ల పాదాల వరస, పక్కనే నల్ల పాదాల వరస. నల్లనివాడి పాదాలు నల్లగానే కదా ఉండాలి అనిపించింది. నా మోకాళ్లు వంగిపోయాయి.

ఫోటోలో పై మూలకి పాప మడమ ఒక్కటి పడింది, లేస్తూ ఉన్న మడమ. దానికి వెండి పట్టీ.

వదిన చేతిలో బెల్లంతో వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యయ్యో, నా ఇల్లు! తియ్యకు వదినా, తియ్యకు."

"తీసేసినాను. ఎంత బాగుందో సూడు."

చూసింది. నవ్వింది కూడా. "బానే ఉంది గానీ ఎవరికీ చూపించకేం. నా పరువు పోద్ది."

"నాను సూపిత్తానేటి, ఎవులికి సూపిత్తాను?"

అన్నాను, ఇంటికొచ్చాను. ఇల్లు చేరానో లేదో ఫోను తీసి ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. అంత మంచిది నేను అంతకుముందు తీయలేదు. ఆవిడ మాట గుర్తులేక కాదు. ఇల్లెవరిదో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. "మా వీధికి కృష్ణుడొచ్చాడు" అని మా అమ్మాయి చేత రాయించి స్టేటస్‌లో పెట్టాను. పొగడ్తలు వస్తుంటే వంట కూడా ఆలస్యమైంది.

దాన్ని మా వీధివాళ్లెవరో తీసుకున్నారు. వాళ్లనీ తప్పు పట్టలేను, వాళ్ల బాధ వాళ్లది. నల్ల పాదాల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "మన పిల్లలు పీల్చే గాలి ఇదే" అని ఎర్ర అక్షరాలతో రాసి గ్రూపుల్లో పెట్టారు. అది ఈ గ్రూపులోంచి ఆ గ్రూపుకి పోతూనే ఉంది. నేను తీసిందని తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. "మంచి పని చేశావమ్మా" అన్నారు.

సోమవారం పాప రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు. ఎదురింటి తలుపు తీసి ఉంటే వెళ్లాను. వదిన తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తోంది.

"పాపేది వొదినా?"

తలెత్తలేదు. "దువ్వాడ వెళ్లిందండి."

నన్ను 'అండి' అంది. బీరకాయలు చెక్కిన ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

"మీ ఫోటో చాలా బాగుందంటండి, వదినగారూ. అదీ దువ్వాడ దాకా వెళ్లింది."

పట్టీ. ఆ వెండి పట్టీలు పాపకి దువ్వాడ వియ్యపురాలే పెట్టింది. వాళ్ల వీధి గ్రూపులో ఆ ఫోటో చూసి, తన పట్టీ తాను గుర్తుపట్టింది. ఇంకేముంది, అదే రోజు కొడుక్కి ఫోను చేసింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. "దువ్వాడలో ఏటి, పాలు కురుత్తన్నాయా?" అన్నాడు వియ్యపురాలి మీద కోపంగా. మళ్లీ తనే, "అయినా ఆ మనిషి వద్దన్నాక నీకెందుకే?" అన్నాడు. ఫోను తీసి ఆ ఫోటో చెరిపేశాను. చెరిపినవి ఇంకోచోట దాగి ఉంటాయని మా అమ్మాయి చెప్పింది, అక్కడా చెరిపించాను. దాంతో ఏదో కడిగేసుకున్నట్టు అనిపించింది.

ఓ ఆదివారం వదిన కూతురు మెట్ల మీద ఎదురైంది. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "తప్పు నాదేనమ్మా, మీ అత్తగారితో నానొచ్చి సెప్తాను, పాపని పంపించీండి" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేం అబద్ధం తీశావని పిన్నీ? ఆ ఫోటో చూసి నాకే భయమేసింది. దువ్వాడ వెళ్లాక దానికి దగ్గు తగ్గింది. ఈ మాట అమ్మతో అనలేను." గొంతు తగ్గించింది. "నువ్వూ అనకు."

అనలేదు, చాలాకాలం. తర్వాత ఆ పిల్లని అడిగే వదినతో చెప్పాను. పాపకి మంచే జరిగిందేమో. ఆ మాట తలుచుకుని నిమ్మళపడదామని చూశాను. కుదరలేదు. మంచి జరగాలని నేను ఆ ఫోటో పెట్టలేదు కదా. నలుగురూ బాగుందనాలని పెట్టాను.

వానలు వెళ్లిపోయి, చలి వచ్చి పోయాక ఒకరోజు వదిన మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి కూర్చోలేదు, గోడకి ఆనుకుంది.

"ఆ ఫోటో ఉందా?"

"ఏ ఫోటో వొదినా?" అన్నాను, తెలిసే.

"పాప కాళ్లది. ఆదివారాలు వస్తోంది గానీ ఇప్పుడు బూట్లేసుకుని వస్తోంది, అవి విప్పినా సాక్సులు ఉంటాయి. నేల మీద ఏం పడట్లేదు."

"చెరిపీసినాను వొదినా. నీ ముకం సూడ్లేక చెరిపీసినాను."

ఆవిడ గోడ వదిలి నిటారుగా నిలబడింది. "నాకు చెప్పకుండా పెట్టావు. నాకు చెప్పకుండానే తీసేశావా?"

నిజం చెబుతున్నాను, ఆ 'వు' వినగానే నాకు ఏడుపొచ్చింది. 'అండి' పోయింది. కానీ తిట్టు తిట్టే. మొదటిసారి నా సంతోషం చూసుకున్నాను. రెండోసారి నా సిగ్గు చూసుకున్నాను. రెండుసార్లూ ఆవిడని అడగలేదు.

ఇద్దరం కూర్చుని గ్రూపులన్నీ వెతికాం. చివరికి దొరికింది, చేతులు మారి మారి మసకబారి, ఎర్ర సున్నాతో, ఎర్ర అక్షరాలతో. వదిన దాన్ని వేళ్లతో పెద్దది చేసి పట్టీ దగ్గర ఆగింది.

వీధి చివర స్టూడియోకి తీసుకెళ్లాం. "ఈ రాతలూ సున్నా తీసేస్తానమ్మా, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు అతను. చేస్తూ చేస్తూ ఆగాడు. "అక్షరాలు పోతాయి గానీ, ఈ గీత పాప బొటనవేలి అచ్చు మీదుగా పోయింది. గీత తీస్తే ఆ వేలు నేను కొత్తగా గీయాలి."

నేను గీయమందామనే అనుకున్నాను. ఈసారి నోరు మూసుకుని వదిన వైపు చూశాను.

"వద్దు బాబూ," అంది. "వేలు దానిదే ఉండనీ. గీతుంటే ఉంది."

అదే ఇది. చూశారా? అక్షరాలు లేవు, సున్నా అలాగే ఉంది. దీని పటం వాళ్ల ముందుగదిలో గోడకి ఉంది ఇప్పుడు. నేను వెళ్తే వదిన టీ ఇస్తుంది, బీరకాయలూ చెక్కుతాం, నా 'నాను' విని నవ్వుతుంది. కూర్చోమని మాత్రం ఎప్పుడూ ఒకే కుర్చీ చూపిస్తుంది, ఆ ఫోటోకి ఎదురుగా ఉన్నది. కావాలనే చూపిస్తుందో, అలవాటో, నేను అడగలేదు. అక్కడే కూర్చుంటాను.

మీరు ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇళ్లలో తుడిచేకొద్దీ చిన్న పాదాల అచ్చులు పడుతూనే ఉండాలి. తుడిచే చేతులకి విసుగు రాకూడదు. మీ పసివాళ్లకి మంచి గాలి తగలాలి, అది కూడా మీ గుమ్మంలోనే తగలాలి. చల్లగా వెళ్లిరండి.