సీలు వేసిన కవరులో హన్మండ్లు చావు

ముత్తవ్వ బీడీలు చుట్టే మనిషి. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో ఆమెకు, భర్త హన్మండ్లుకు ఎకరన్నర మక్కజొన్న చేను ఉండేది. నాలుగేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఆకాశం నుంచి ఇనుప తునకలు మండుతూ వచ్చి ఆ చేనులో పడ్డాయి. మక్కకు నీళ్లు కడుతున్న హన్మండ్లు అక్కడికక్కడే చనిపోయాడు.

పొద్దు గూకకముందే జీపులు వచ్చాయి. దిగినవాళ్లు చేను చుట్టూ తాడు కట్టి, ఒక్క తునక వదలకుండా ఏరి సంచుల్లో వేసుకున్నారు. హన్మండ్లు చేతిలోని పారను కూడా తీసుకుపోయారు. ఏం పడిందని ముత్తవ్వ అడిగితే పక్కకు జరగమన్నారు. ఆయుధాలు పరీక్షించే ఒక ప్రభుత్వ సంస్థ ప్రయోగం దారి తప్పిందని చాలా రోజులకు తెలిసింది.

కామారెడ్డి వకీలు సునీల్‌కుమార్ ఆ సంస్థ మీద నష్టపరిహారం దావా వేశాడు. వాళ్లిచ్చిన జవాబులో ఒక మాట ఉంది: ఆ రోజు చేలలోకి పోవద్దని ముందే హెచ్చరించాం, మృతుడు వినలేదు.

వకీలు చదివి వినిపించగానే ముత్తవ్వ లేచి నిలబడింది.

"ఎవ్వలు జెప్పిండ్రు? ఎప్పుడు జెప్పిండ్రు? ఊళ్లె డప్పు గూడ కొట్టలేదు. ఆ కాయితం సూపియ్యమను సారూ."

"గదే అడుగుతున్న అవ్వా."

కోర్టులో అడిగాడు. హెచ్చరిక ఉత్తర్వు, ప్రమాదం మీద జరిపిన విచారణ నివేదిక, రెండూ దేశ భద్రతకు సంబంధించినవి కాబట్టి ఇవ్వలేమని ఒక పెద్ద అధికారి ప్రమాణపత్రం దాఖలు చేశాడు. ఇవ్వాలో వద్దో తేల్చే ముందు వాటిని నేను చూడాలన్నాడు జడ్జి.

ఈలోగా 'వద్దన్నా పోయిండట' అన్న మాట ఊరంతా పాకింది. కూతురు అనిల కుట్టుమిషను ఆపి ఒకరోజు అడిగింది.

"అమ్మా, బాపు నిజంగనే ఇనలేదా?"

ముత్తవ్వ బీడీ చుడుతున్న తునికాకు కింద పెట్టింది.

"ఆ దినం మీ బాపు పోనన్నడు బిడ్డా, పానం బాగలేదని. నేనే ఎల్లగొట్టిన. మక్క ఎండుతున్నది, మోటరెయ్యి పో అన్న."

అంతకాలం ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అనిల లేచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

సీలు వేసిన కవరు కోర్టుకు వచ్చింది. జడ్జి తన గదిలో దాన్ని విప్పి చదువుతుంటే ముత్తవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. గంట తర్వాత జడ్జి బయటికి వచ్చి, ఇవి బయటపెట్టడానికి వీల్లేదని చెప్పి కవరు తిప్పి పంపాడు.

మరో ఏడాదికి తీర్పు వచ్చింది. సంస్థ నిర్లక్ష్యానికి రుజువు లేదు, దావా కొట్టివేయడమైనది. హెచ్చరిక ఇచ్చారా లేదా అన్నది ఈ కోర్టు తేల్చడం లేదు.

సునీల్‌కుమార్ ఆపుతున్నా ముత్తవ్వ కోర్టుహాల్లో జడ్జి బల్ల ముందుకు నడిచింది.

"అయ్యా, మీరు సదివిండ్రు గదా. మాకు జెప్పిండ్రా, చెప్పలేదా? గంతే జెప్పుండ్రి. పైసలు నాకొద్దు."

జడ్జి తీర్పు కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"నేను చెప్పకూడదమ్మా," అన్నాడు.

బస్టాండుదాకా వకీలు ఆమె వెంట వచ్చాడు.

"హైకోర్టుల అప్పీలేద్దాం అవ్వా. అక్కడ గూడ గిట్లనే అంటరేమో."

"ఎయ్యి," అని ఆమె ఎల్లారెడ్డి బస్సెక్కింది.

అప్పీలు ఇంకా విచారణకు రాలేదు. చేను కౌలుకిచ్చింది. బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు పోయేటప్పుడు ఆ చేను గట్టు మీద నుంచి దగ్గరి దారి ఉన్నా, ముత్తవ్వ రోడ్డు చుట్టూ తిరిగే పోతుంది.