మూడు నిమిషాలయ్యాయి

అమ్మమ్మకు గడియారంతో పని లేదు. ఎవరితో ఫోన్ మాట్లాడినా సరిగ్గా మూడు నిమిషాలకు "మూడు నిమిషాలయ్యాయి" అని పెట్టేస్తుంది. కూతురు ముక్కు చీదుకుంటూ అత్తగారి ఆగడాలు చెబుతున్నా అంతే, అల్లుడు వినయంగా ఆరోగ్యం అడుగుతున్నా అంతే. మనవలు ఆమెకు మూడు నిమిషాలమ్మ అని పేరు పెట్టి తలుపుచాటున నవ్వుకునేవాళ్లు.

తప్పు ఆమెది కాదు, ట్రంకు ఎక్స్ఛేంజిది. ముప్పై ఏళ్లు అక్కడ ఆపరేటరుగా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు చిల్లుల్లో తీగలు గుచ్చుతూ పీకుతూ ఊరికీ ఊరికీ మాట కలిపింది. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి ఆ మాట అనాలి. పొడిగించమంటే పొడిగించాలి, లేదంటే పీకెయ్యాలి. పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ ఆమె చెవిలోంచే వెళ్లాయి. ఒక్కటీ నోరు దాటలేదు. తరవాత నంబరు తిప్పితే దానంతటదే కలిసే యంత్రం వచ్చింది. బోర్డు తుక్కులోకీ, అమ్మమ్మ పాత కాగితాల గదిలోకీ పోయారు. తుక్కు కన్నా తనే నయమనీ, తనకు కుర్చీ వేశారనీ అనేది.

ఆ బోర్డు ముందు కూర్చునే ఒకరోజు ఆమె చెల్లెల్ని పోగొట్టుకుంది. తల్లిని దగ్గరుంచుకుని చూస్తున్న చెల్లెలు తన ఊరి నుంచి కాల్ బుక్ చేసింది. అక్కడి ఆపరేటరు గొంతు తగ్గించి, మీ అమ్మగారికి అస్సలు బాగాలేదట, మీ గొంతు వినాలంటున్నారట, ముందు కలిపెయ్యనా అని అడిగింది.

"వరస వరసే. ముందు పదకొండు మంది ఉన్నారుగా," అంది అమ్మమ్మ. సొంత మనుషుల కాల్ ముందుకు తోసిందన్న మాట అప్పటిదాకా ఆమె పడలేదు.

పన్నెండో కాల్ కలిసేసరికి అవతల ఏడుపొక్కటే వినిపించింది. ఆ తరవాత ఇరవై రెండేళ్లు చెల్లెలు మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడినా మొహం తిప్పుకునేది.

ఇప్పుడు ఇంట్లో తలకొక సెల్‌ఫోను. మనవరాలు గంటలకొద్దీ గుసగుసలాడుతుంటే, తీగ లేదు కాబట్టే పీకేవాళ్లు లేకుండా పోయారని అమ్మమ్మ సణుగుతుంది. సణుగుతూనే తన ఫోను కొంగున కట్టుకుని తిరుగుతుంది. చెల్లెలు ఎప్పటికైనా చేస్తుందని ఆమె ఆశ.

మొన్న మధ్యాహ్నం నిజంగానే చేసింది. మోకాళ్ల నొప్పి, కొత్త కళ్లజోడు, కారుతున్న ఇంటికప్పు అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. అమ్మమ్మ ఫోను చెవికి అదుముకుని ఊ కొడుతోంది. చెల్లెలు గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ రోజు అమ్మ నీకేం చెప్పమందంటే..."

"మూడు నిమిషాలయ్యాయి," అంది అమ్మమ్మ. వేలు ఎర్ర గుర్తు నొక్కేసింది.

నోటి అలవాటు నోటిది, వేలి అలవాటు వేలిది. మనిషికి తెలిసేసరికి అంతా అయిపోయింది. వెంటనే తిరిగి చేసింది. మోగి మోగి ఆగింది. రెండోసారి మోగుతుండగానే అవతల కట్ చేసేశారు. మూడోసారి, ఫోన్ ఆపేసి ఉందని యంత్రంలోని ఆడగొంతు చెప్పింది.

అది యంత్రమని అమ్మమ్మకు తెలియక కాదు.

"అమ్మాయ్, నేనూ మీ పనిదాన్నే. మా చెల్లెలమ్మా అది. వరస తప్పినా సరే, ఒక్కసారి కలుపు."

తలుపుచాటున ఎవరూ నవ్వలేదు. ఆ గొంతు చెప్పిందే మళ్లీ చెప్పి, మూడు నిమిషాలు కాకుండానే పెట్టేసింది.