రిమోట్‌కి కాజా

గుడ్డముక్క మిగిలితే చాలు, టైలరమ్మ చేతులు ఊరుకోవు. ఫ్రిజ్‌కి, మిక్సీకి, చివరికి గొడుగుకీ తొడుగులు కుట్టింది. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి, స్పీకర్లకి కలిపి పనిచేసే రిమోట్ ఒకటి కొని, భర్త నానా తంటాలు పడి మూడింటికీ జత చేశాడు. ఆమె ఆ పూటే దానికీ తొడుగు కుట్టేసింది, బటన్లు కనిపించేలా మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టి మరీ. అంతే, ఎంత నొక్కినా ఏదీ పలకలేదు.

"షాపువాడు పాడైపోయినదాన్ని అంటగట్టాడు. వెళ్లి దులిపేసి వస్తా," అని భర్త చెప్పులేసుకున్నాడు.

ఆమె రిమోట్‌ను తిప్పి చూసింది. దాని మూతి దగ్గరి చిన్న బల్బు గుడ్డ కింద దాక్కుంది.

"ఆగండి. దీని కళ్లకు గంతలు కట్టింది నేనే," అంటూ అక్కడ చొక్కా గుండీకి తీసినట్టు నీటుగా ఒక కాజా తీసింది. నొక్కగానే మూడూ వెలిగాయి.

"నీ కుట్టుపిచ్చి తగలెయ్యా," అని గొణిగాడు.

"మీకూ ఒక తొడుగు కుడతాను. నోటి దగ్గర మాత్రం కాజా పెట్టను."

అతను చెప్పులు విప్పుతూ అన్నాడు, "సరే, కొలతలు తీసుకో."